మోకాలు మినహా

నా ఎడమ మోకాలు పెళ్లికి ముందే పాడైపోయింది. చిన్నప్పుడు ఒక వానాకాలం జ్వరం తగిలింది. జ్వరం పోయింది గాని వాపు మాత్రం మోకాల్లో ఉండిపోయింది. మా అమ్మ ఆముదం రాసింది, వావిలాకు కాచి కాపడం పెట్టింది, ఎవరు ఏ మొక్కు చెబితే ఆ మొక్కు మొక్కింది. మోకాలు ఎవరి మాటా వినలేదు. కూర్చుంటే లేవనివ్వదు, లేస్తే కూర్చోనివ్వదు. దాన్ని తిట్టుకుంటూనే పెరిగాను, దానితోనే కాపురానికి వచ్చాను.

మా అత్తవారిది రాజోలు దగ్గర పల్లె. గోదావరికి ఆనకట్ట కట్టాక కాలువ నీళ్లు మా వైపు కొత్తగా వచ్చిన రోజులవి. అంతవరకు వాన కోసం మొహం వాచిన చేలన్నీ మడులయ్యాయి. ఊడుపులకు ఆడవాళ్లు చాలడం లేదు. నా భర్త పడవల మీద పనికి పోయి, ఎప్పుడో గాలి మళ్లినప్పుడు ఇంటికొచ్చేవాడు. వచ్చినా చేతిలో ఏమీ ఉండేది కాదు. చంకలో పిల్లతో నేనొక్కదాన్నే ఉండేదాన్ని. ఊడుపుల్లో కూలిగా కొలిచిన వడ్లే కోతల దాకా మా ఇద్దరికీ తిండి.

మా పేటలో నాట్లు వేసే ఆడవాళ్లందరిదీ ఒకటే జట్టు. జట్టుకు పెద్ద, నాకు వరసకు అత్త అయ్యే ఒక ఆవిడ. చిన్నా పెద్దా అందరం ఆవిడను పెద్దత్త అనేవాళ్లం. ఆవిడ అరుగు మీద ఒక మట్టి బాన ఉండేది. సాయంత్రం కూలి కొలిపించుకుని వచ్చేటప్పుడు ప్రతి ఆడదీ ఒడిలోంచి పిడికెడు వడ్లు తీసి ఆ బానలో పోసేది. పనిలో ఎవరికైనా దెబ్బ తగిలితే, మళ్లీ మడిలో దిగేదాకా ఆ బానే ఆమెకు కూడు. జన్మలో దిగలేకపోతే జన్మంతా కూడు. రోజుకు ఇన్ని పిడికిళ్లని ఒక వాడుక ఉండేది. ఎవరి పిడికిలితో వాళ్లే కొలుచుకునేవారు. అది ధర్మం చేసినట్టు కాదు, తల వంచుకుని తీసుకోవలసినదీ కాదు. అందుకే ఆ బాన మీద నాకంత ఆశ. మోకాలు ఎప్పుడో ఒకనాడు నన్ను కూలబెడుతుందని నాకు తెలుసు. ఆ రోజు పిల్లను చంకనేసుకుని ఆసామి గుమ్మం ముందు చెయ్యి చాపకూడదని నా పంతం.

మొదటి సాయంత్రం పిడికిలి బిగించుకుని వెళితే పెద్దత్త బాన మీద మూకుడు తీయలేదు. మధ్యాహ్నం అన్నాల దగ్గర అందరూ కాళ్లు ముడుచుకుని కూర్చుంటే, నేను ఒక కాలు బారజాపుకుని కూర్చోవడం ఆవిడ కనిపెట్టేసింది. నన్ను అరుగు మీద కూర్చోబెట్టి మోకాలి చిప్ప పక్కన బొటనవేలితో నొక్కింది. నేను పళ్లు బిగపట్టి కిక్కురుమనలేదు. కళ్లు మాత్రం నా మాట వినక నీళ్లు పెట్టుకున్నాయి.

"ఇది పాత నెప్పి. నువ్వు రేపో మాపో కూలబడతావు, బానంతా నీకే సరిపోద్ది. నీ గింజలు నువ్వే ఒండుకో," అంది.

కూలికి పనికొచ్చాను గాని పిడికెడు గింజలు పోయడానికి పనికిరాలేదు. ఒళ్లు మండిపోయింది. మర్నాడు మళ్లీ వెళ్లాను, మళ్లీ పొమ్మంది. ఆ మర్నాడు కూడా వెళ్లాను. వానలో తడుస్తూ వెళ్లాను, పిల్లకు ఒళ్లు కాలుతుంటే దాన్ని భుజానేసుకుని వెళ్లాను. నేను వరసలో ఎక్కడైనా వెనకబడ్డానా, నా మొక్క ఎక్కడైనా తేలిపోయిందా చెప్పమని అడిగాను. ఆవిడ మూకుడు మీంచి చెయ్యి తీయలేదు. జట్టులో వాళ్లకు నేను సాయంకాలం వినోదమైపోయాను. నవ్వితే నవ్వారు, నవ్వడానికి గింజలేం ఖర్చు కావు కదా అనుకున్నాను.

ఒకరోజు అందరూ ఉండగా అన్నాను, "ఈ మోకాలు మీ బానకొద్దండి. దీన్ని నేనే పోషించుకుంటాను. మిగతా ఒళ్లు తీసుకోండి."

ఆ మాటకు అరుగంతా ఘొల్లుమంది. అయితే ఆ కాలు ఇంటి దగ్గర దింపి రమ్మనండి అని ఒకత్తె వేళాకోళమాడింది. కానీ పెద్దత్త నవ్వలేదు. మోకాలంటే ఎక్కడి నుంచి ఎక్కడి దాకా అని అడిగింది. దానిమీద పెద్ద తర్జనభర్జన జరిగింది. పిక్క మోకాలి లెక్కలోకొస్తుందా రాదా అని వాదించుకున్నారు. చివరికి ఆవిడ తన కాళ్లకున్న బురదే వేలితో తీసి, నా తొడ మీద ఒక గీత, పిక్క మీద ఒక గీత గీసింది. ఆ రెండు గీతల మధ్య ఏమొచ్చినా బానకు సంబంధం లేదు, మిగతా ఒళ్లంతా జట్టుదే అని అందరి ముందూ నాచేత చెప్పించింది. నా కాలు నాకే పరాయిదైనట్టు అనిపించి సిగ్గేసింది. అయినా ఆ రాత్రి ఇంటికి పోయి కాలు కడుక్కుంటున్నప్పుడు గెలిచానన్న సంతోషమే ఎక్కువ.

తరవాత కొన్నేళ్లు నా పిడికిలి అందరి పిడికిళ్లతో పాటు బానలో పడింది. ఆ ఏళ్లలో ఒకత్తెకు కోతల్లో ఎడం చెయ్యి కొడవలికి తెగింది. ఇంకొకత్తెను గట్టు మీద పాము కరిచింది. బతికింది గాని చాలాకాలం కాలు కింద పెట్టలేకపోయింది. ఇద్దరూ బాన కూడే తిన్నారు. మోకాలు పొంగిన రోజుల్లో నేను గుడ్డ బిగించి కట్టుకుని బురదలో దిగానే గాని, ఒక్క గింజ అడగలేదు. మాటంటే మాటే. తల నెరిశాక మిషను దొరసాని పెట్టిన బడిలో అక్షరాలు దిద్దుకున్నదాన్ని, రాతలో తప్పులుంటే ఉండనీయండి, ఈ సంగతిలో మాత్రం తప్పు లేదు.

ఒక ఊడుపుల నాడు పొద్దున్నే నారు కట్టలు నెత్తిన పెట్టుకుని గట్టు మీద వెళుతున్నాను. రాత్రి వానకు నానిన గట్టు నా కింద విరిగిపోయింది. కుడిచెయ్యి కింద పడి, మణికట్టు దగ్గర పుటుక్కుమంది. కట్టు కట్టే ఆయన గుడ్డుసొనలో మినపపిండి కలిపి పట్టువేసి, వెదురు బద్దలు కట్టి, ఈ ఊడుపులకు నీళ్లలో చెయ్యి పెట్టొద్దన్నాడు. ఆ సాయంత్రం కబురు తెలిసి పెద్దత్త మా ఇంటికే వచ్చింది. పరామర్శకే అనుకున్నాను. నన్ను పడేసింది మోకాలే కాబట్టి బానలో నాకు కూడు లేదని చెప్పడానికట. గట్టు విరిగిందంటే వినలేదు. సరే, పొద్దున్న గట్టు దగ్గరే తేల్చుకుందాం, నడిచి చూపిద్దువు గాని అంది.

పొద్దున్న జట్టంతా గట్టు దగ్గర నిలబడింది. పెద్దత్త నన్ను నడవమంది. అడుగు వేయబోయి ఆగాను. ఎదురుగా ఉన్నది గట్టు కాదు, వల. అక్కడే బురదలో చతికిలబడ్డాను.

"నేను నడవనండి, పెద్దత్తా. తూలితే మోకాలంటారు. తూలకపోతే బాగానే ఉన్నావు, మడిలో దిగమంటారు. ఎలా నడిచినా నా కూడు పోద్ది." కట్టున్న చెయ్యి పైకెత్తాను. "ఇన్నేళ్లూ మీ బానలో గింజలు పోసింది ఈ చెయ్యండి. మోకాలు పొయ్యలేదు."

పాము కరిచిన ఆవిడ నేల చూపులు చూస్తూనే, నా మాట ఔనన్నట్టు, "ఆయ్," అంది. పెద్దత్త ఆవిడ వంక ఒకసారి చూసి, పొద్దెక్కుతోంది పనిలో దిగమని అందరినీ అదిలించింది. నాకు ఔననీ కాదనీ చెప్పలేదు. ఇంటికి పోయి తలుపేసుకుని ఏడ్చాను. బాధతో కాదు, ఉక్రోషంతో.

సాయంత్రం చేట పట్టుకుని అరుగు దగ్గరికి వెళ్లాను. ఒక్కొక్కరే పిడికెడు పోసి పక్కకు జరిగారు, ఎవరూ ఇంటికి మాత్రం పోలేదు. ఆఖరి పిడికిలి పడ్డాక పెద్దత్త మూకుడు చేతిలోకి తీసుకుంది. నేను చేటను బాన పక్కన పెట్టి, ఎడం చెయ్యి బానలోకి దింపాను. ఆడవాళ్ల మధ్య కలకలం రేగింది. అంతవరకు కుడిచెయ్యి విరిగి బాన దగ్గరికి వచ్చిన ఆడది లేదు. తినే గింజల్లో ఎడం చెయ్యి పెట్టిన ఆడది అసలే లేదు. పెద్దత్త మూకుడు వదిలేసి నా మణికట్టు పట్టుకుంది.

"గింజల్లో ఎడం చెయ్యి పెడతావా?"

"కుడిది మీ పనిలోనే విరిగిందండి. నాది ఒద్దంటే మీది పెట్టండి."

ఆవిడ వదల్లేదు, నేను లాక్కోలేదు. నా వేళ్లకు వడ్లు తగులుతున్నాయి. అవి నావి అనిపించింది, ఎవరేమన్నా సరే నావి. ఆవిడ చుట్టూ చూసింది. ఎడం చెయ్యి తెగిన ఆవిడ గాని, పాము కరిచిన ఆవిడ గాని, నా కాలిమీద వేళాకోళమాడిన ఆవిడ గాని కదల్లేదు. చివరికి పెద్దత్త నా చెయ్యి బానలోంచి పైకి తీసి, తన కుడిచెయ్యి లోపలికి పెట్టింది. పిడికెడు తీసి చేటలో పోసింది. ఇంకో పిడికెడు పోసింది. మూడోది పోస్తూ ఆగి, చేటలో గింజల వంక చూసింది, తన చేతి వంక చూసుకుంది. ఆవిడ పిడికిలి నా పిడికిలికి రెండింతలుంటుంది.

నేను చేటను ఇంకొంచెం దగ్గరికి జరిపాను.