నూలు కరుస్తుందని నేర్చుకున్న కుక్క

కుక్కపిల్లకు మెడపట్టీ ఏ వయసులో కట్టాలని ఎవరైనా అడిగితే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మాది తిరుత్తణి దగ్గర నేతగాళ్ళ వీధి. తెల్లవారుతూనే మగ్గానికెక్కించే పడుగు నూలును వీధి పొడవునా సాచి గంజి పెట్టేవాళ్ళం. దాన్ని కుక్క తొక్కిందంటే ఆ రోజు పనంతా మట్టిపాలే. అందుకని నాన్న, ఇంకా తల్లి పాలు మరవని మా కుక్కపిల్ల మెడకు పొడవాటి తాడు కట్టి, రెండో కొస పట్టుకుని తలుపు చాటున కూర్చున్నాడు.

"పిలిస్తే పలకడం కూడా రాలేదు దానికి. అప్పుడే ఉరేస్తా ఉండావేమిరా?" అంది అవ్వ.

"పెద్దదైతే మాట యాడ వింటాది? నా చెయ్యి దానికి కనపడకూడదమ్మా. నూలే కరిసిందనుకోవల్ల," అన్నాడు నాన్న.

పిల్ల పడుగు దగ్గరికి పోయినప్పుడల్లా తాడు గుంజేవాడు. అది కుయ్యిమంటూ వెనక్కి పడి, నూలు వైపే చూసేది. కొద్దిరోజులకే తాడు అక్కర్లేకపోయింది. వీధంతా నాన్నను మెచ్చుకుంది.

కుక్క ఎదిగింది. పడుగు సాచినప్పుడల్లా దూరంగా నిలబడి పళ్ళు బయటపెట్టేది. కాపలా కాస్తోందని మేం మురిసిపోయాం.

ఒక పొద్దున అమ్మ, ఆరిన నూలు చిలపలు దండల్లా మెడలో వేసుకుని, దానికి సంగటి పెట్టడానికి వంగింది. కుక్క సంగటి వైపు చూడలేదు. అమ్మ ముఖమూ చూడలేదు. మెడలోని నూలు వైపే చూస్తూ, పళ్ళు బయటపెట్టి నెమ్మదిగా లేచింది.