క్యూ పక్కన యూ లేని మాట

ప్రొద్దుటూరులో నేను ఇంగ్లీషు చెప్పిన ప్రైవేటు స్కూలుకు ఒక ఏడాది కొత్త పిచ్చి పట్టింది. గళ్ళ పలక మీద అక్షరాల బిళ్ళలు పేర్చి ఇంగ్లీషు మాటలు కట్టే ఆట అది. అరుదుగా వచ్చే అక్షరానికి పాయింట్లు ఎక్కువ. చుట్టుపక్కల స్కూళ్ళకు పోటీలు పెడుతున్నారని తెలియగానే మా కరస్పాండెంటు నన్ను పిలిచి, ఇంటర్నెట్‌లోంచి దించుకున్న మాటల కాగితాలు బల్ల మీద పడేశాడు. రెండక్షరాల మాటలు, మూడక్షరాల మాటలు, అచ్చు ఒక్కటీ లేని మాటలు. ఇంగ్లీషు ఎమ్మే చదివిన నేనే సగం ఎన్నడూ వినలేదు.

"పిల్లోళ్ళతో బట్టీ పట్టించండి మేడం."

"అర్థాలు కూడా చెప్తాను సార్."

"అర్థాలు ఆటలో ఎవరడుగుతారు? టైం దండగ."

ఆ మాటకే నాకు చీదర పుట్టింది. సాయంత్రాలు తొమ్మిదో తరగతి గదిలో పిల్లలు ఆ స్పెల్లింగులు అరుస్తుంటే, అన్నం నోట్లో పెట్టుకుని మింగకుండా ఉమ్మేస్తున్నట్టు అనిపించేది. ఉండబట్టలేక తలుపు దగ్గరకు వేసి అర్థాలు చెప్పడం మొదలుపెట్టాను. 'ఆక్స్టర్' అంటే చంక అనగానే గదంతా గొల్లుమంది. 'జాక్స్' అంటే ఇంటి కప్పు పలకలు చెక్కే పనిముట్టు. 'బాండికూట్' మన పందికొక్కే, తెల్లవాళ్ళు పలకలేక అలా చేసుకున్నారంటే ఒక్కరూ నమ్మలేదు.

క్యూ అక్షరమంటే అందరికీ భయం. పక్కన యూ లేకపోతే అది చేతిలోనే మిగిలిపోతుంది. యూ అక్కర్లేని మాటలు నేను బోర్డు మీద రాసి, నికాబంటే ఆడవాళ్ళు మొహానికి కట్టుకునే ముసుగని చెబుతుంటే వెనక బెంచీలో ఒకమ్మాయి లేచి నిలబడింది. తండ్రి కువైట్‌లో డ్రైవరు. తలకు స్కార్ఫు కట్టుకుని, పిలిస్తే తప్ప మాట్లాడని పిల్ల.

"మేడం, ఫకీరు, నికాబు... ఇవి మా ఇంట్లో మాటలు కదా! ఇవి ఇంగ్లీషెప్పుడైనాయి?"

"వాళ్ళు తీసుకున్నప్పుడు అయినాయి. ఇప్పుడు డిక్షనరీలో ఉన్నాయి."

ఆ రోజు నుంచి ఆ పిల్ల ఆటను వదల్లేదు. మా స్కూలు తరఫున తననే పంపాను.

తొలి విడత జమ్మలమడుగులో జరిగింది. అవతలి స్కూలు పాప సి, డబ్ల్యూ, ఎం బిళ్ళలు మూడూ టకటకా పేర్చింది. ఆట అయిపోయాక, దాని అర్థం తెలుసా అని ఆ పాపను అడిగాను.

"మాకు అర్థాలు చెప్పలేదు మేడం, పాయింట్లు చెప్పినారు."

కొండల మధ్య పల్లం అని నేను చెబుతుంటే, వాళ్ళ సారు వచ్చి ఆ పాపను చేయి పట్టుకుని లాక్కెళ్ళాడు. మా పిల్ల గెలిచిందన్న సంతోషం కూడా నాకు మిగల్లేదు.

ఫైనల్ పులివెందులలో, ఒక కల్యాణ మండపంలో. జడ్జిగా కూర్చున్నది ఒక రిటైర్డు ఇంగ్లీషు లెక్చరరు. ఆయన ముందు లావుపాటి డిక్షనరీ, ఇంకా ప్లాస్టిక్ కవరులోనే ఉంది. ఆట చివరికొచ్చేసరికి మా పిల్ల 'నికాబ్' పేర్చింది. ఒక్కసారిగా ముందుకు పోయింది. అవతలి టీచరు లేచి అది ఇంగ్లీషు మాట కాదన్నాడు. జడ్జి పలక వైపు చూశాడు, తర్వాత పిల్ల స్కార్ఫు వైపు చూశాడు.

"ఏం పాపా, మీ ఇంట్లో మాటలు తెచ్చి ఈడ పెడితే ఎట్లా?"

జనం నవ్వారు. ముందు వరసలో మా కరస్పాండెంటు కూడా నవ్వాడు.

నేను లేచి, "డిక్షనరీ చూడండి సార్" అన్నాను.

"నాకు ఇంగ్లీషు రాదంటాండావామ్మా?"

"కూర్చోండి మేడం," అని మా కరస్పాండెంటు పళ్ళు నూరాడు.

నేను కూర్చోలేదు. స్టేజీ ఎక్కి, ఆ కవరు చించి, పేజీ తీసి ఆయన ముక్కు కింద పెట్టాను. ఆయన చదివి, "ఈ మధ్య ఏదంటే అది చేరుస్తాండారు. సరే, పెట్టుకోమను," అని పుస్తకం మూసేశాడు. పిల్లకు ఒక్క మాట చెప్పలేదు.

ఈలోగా ఆ పిల్ల తను పేర్చిన బిళ్ళలన్నీ తీసేసుకుంది.

"పెట్టమ్మా, సరైన మాటే."

"నాకొద్దు మేడం."

ఏదో చిన్న మాట పేర్చి ఆట ముగించింది. రెండో బహుమతి వచ్చింది. బస్సులో ముద్దనూరు దాటేదాకా కిటికీ వైపే తిరిగి కూర్చుంది.

వారం తిరక్కుండా స్కూలు గేటుకు ఫ్లెక్సీ కట్టించాడు కరస్పాండెంటు. స్కార్ఫుతో ఆ పిల్ల ముఖం నిలువెత్తున. "ఈ బొమ్మ చూస్తే ఆ పిల్ల వీధిలో పిల్లోళ్ళంతా మన కాడికే వస్తారు," అని స్టాఫ్ రూములో గొప్పగా చెప్పాడు. నాకు ఆ గదిలో టీ కూడా సహించలేదు.

మర్నాడు మధ్యాహ్నం ఆ పిల్ల తల్లి వచ్చింది. ఇంట్లో జాకెట్లు కుట్టే మనిషి.

"ఆ మాట తప్పా మేడం?"

"కాదమ్మా."

"మరి ఎందుకు నగినారు?"

నేను కుర్చీ ఆమె ముందుకు జరిపాను.

"ఆ బొమ్మ తీసేయమన్యా సారును. తీయడంట. పిల్ల స్కూలుకు రానని ఏడుస్తాంది," అని సంచిలోంచి కత్తెర తీసింది.

నేను స్టాఫ్ రూములోంచి స్టూలు తెచ్చి గేటు దగ్గర వేసి పట్టుకున్నాను. ఆమె ఎక్కి, కూతురి బొమ్మ చుట్టూ జాకెట్టు గుడ్డ కత్తిరించినట్టే వంకర లేకుండా కత్తిరించింది. వాచ్‌మన్ చూసి మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఆమె ఆ ముక్కను చుట్ట చుట్టి చంకలో పెట్టుకుని, "పోయొస్తా మేడం," అని వెళ్ళిపోయింది.

కరస్పాండెంటు కేకలు వేస్తుంటే విన్నాను. ఆ నెలాఖరుకు ఉద్యోగం మానేశాను. ఆ పిల్ల ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. ఆ ఆట మళ్ళీ ఆడలేదట.