సింహాచలం మాస్టారూ, పొయ్యిమీద ఆరబెట్టిన బోర్డూ

సింహాచలం మాస్టారు విశాఖ ఆసుపత్రిలో పరమపదించారన్న వార్త అరకు బస్టాండులో ఆటో డ్రైవరు చెబితే తెలిసింది. నిశ్చేష్టురాలినయ్యాను. ఇన్నేళ్ళుగా ఈ కొండల్లో రేడియోలకూ టీవీలకూ ప్రాణం పోసిన హస్తం నిశ్చలమైందంటే నమ్మశక్యం కాలేదు. అంతకు మూడురోజుల ముందే ఆయన మంచం దగ్గర్నుంచి కోపంగా వచ్చేశాను. సంస్మరణ సంచికకి నాలుగు మంచి మాటలు రాయమని ఆయన మిత్రులు అడిగారు. ఏకైక శిష్యురాలిని కనుక రాస్తున్నాను. మంచివో కావో చదివినవారే చెప్పాలి.

మాస్టారు మైదానం నుంచి వచ్చి అరకులో రిపేరు దుకాణం పెట్టారు. మాది జి.మాడుగుల దగ్గర కొండ ఊరు. ఐటీఐ పాసై పని అడగడానికి వెళితే, "ఏటే గుంటా, టంకం పెట్టడం వొచ్చా, మాటలేనా?" అన్నారు. నేను పెట్టిన టంకం పీకేసి మళ్ళీ పెట్టించారు, మళ్ళీ పీకేశారు. వేలు కాలి బొబ్బెక్కినా ఆపనివ్వలేదు. విద్యాదానంలో మహోదారులు, కరుణలో పరమ లోభి.

పర్యాటకుల రిసార్టులో నాణెం వేస్తే ఆడే పాతకాలపు వీడియోగేమ్ పెట్టెలుండేవి. వాటి బోర్డులు బాగుచేయడంలో ఆయన అద్వితీయులు. ముందు ఐదు వోల్టులు వస్తున్నాయో లేదో చూసేవారు. బోర్డు అంచుని పెన్సిల్ రబ్బరుతో రుద్దేవారు. చిప్పులమీద వేలు ఆనించి ఏది కాలుతోందో పట్టేవారు. ఒకసారి మేనేజరు బోర్డునెవరూ ముట్టలేదన్నాడు. "బోర్డు అబద్దమాడదు, తెచ్చినోడు ఆడతాడు" అంటూ కొత్త టంకం చూపించి, "నేనే కెలికాను" అని అతనిచేత పదిమందిలో అనిపించాకే పని మొదలుపెట్టారు.

ఒక ఏడాది వానలకి రిసార్టు బోర్డొకటి తడిసింది. చిప్పులన్నీ మాస్టారే పీకి, తుడిచి, తిరిగి గుచ్చి, "బేగి ఆరబెట్టే" అని నా చేతికిచ్చారు. చిప్పుల జోలికి నన్నెన్నడూ రానిచ్చేవారు కాదు. మా ఇళ్ళలో వానాకాలం మొక్కజొన్న కంకుల్ని పొయ్యిపైన వెదురు తడకమీద ఆరేస్తాం. పొగకి తేమ చేరదు, పురుగు పట్టదు. బోర్డునీ ఇంటికి తీసుకెళ్ళి ఆ కంకుల పక్కనే పెట్టాను. మర్నాడు మసిపట్టిన బోర్డుకి కరెంటిస్తే తెరంతా అడ్డగీతలే.

"జొన్నపొత్తనుకున్నావేటే? బోర్డుకి పొగబెట్టి సంపేసినావు" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వారు. రిసార్టువాళ్ళు విసుగెత్తి పెట్టె కూడా మాకే వదిలేశారు. ఆ బోర్డుని గోడకి వేలాడదీశారు, నా తెలివికి గుర్తుగా. నాకు 'పొగ గుంట', అంటే పొగబెట్టిన పిల్ల, అన్న పేరు స్థిరపడిపోయింది. మా ఊళ్ళో మిక్సీ పాడైనా నాకిచ్చేవారు కాదు. తొమ్మిదేళ్ళు భరించాను. ఆయన దగ్గరున్న విద్య ఇంకెక్కడా దొరకదు మరి.

మాస్టారు ఆసుపత్రిలో చేరాక దుకాణం నేనే చూశాను. ఒకనాడు గోడమీది బోర్డు దించి, స్పిరిట్‌తో మసి కడిగి, మీటరుతో రాగి గీత గీతా పరీక్షించాను. వేడికి ఏదీ చెడలేదు. ఒక చిప్పు కాలు మాత్రం సాకెట్లో దిగకుండా, కిందికి మడతపడి ఉంది. గుచ్చిన చెయ్యి తొందరపడితే అలా అవుతుంది. ఆ చెయ్యి నాది కాదు. కాలు నిటారు చేసి గుచ్చాను. ఆట ఆడింది. ఏడ్చాను.

ఫోనులో వీడియో తీసుకుని విశాఖ వెళ్ళాను. మాస్టారి భార్యని అమ్మగారంటాను; ఆవిడ మందులకోసం కిందికెళ్ళారు. ముక్కులో ఆక్సిజన్ గొట్టం ఉన్న మనిషి కళ్ళముందు ఫోను పెట్టాను. జాలి పడలేదు.

"కాలు మడతపడిపోనాది మాస్టారూ. పొగ కాదు."

"తెలుసే," అన్నారు, గాలి అందక ఆగుతూ. "రెండో నెల్లోనే సూసినాను."

"మరి సెప్పలేదేటి?"

"అప్పటికే అందరికీ సెప్పేసినాను కదే."

అమ్మగారు రాగానే ఆవిడతోనైనా నిజం చెబుతారేమోనని నిలబడ్డాను. ఆవిడ వచ్చారు. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నారు.

మాస్టారి విద్యకీ, ఆ వేళ్ళకీ శిరసు వంచి నమస్కరిస్తున్నాను. ఈ రోజు నేను తింటున్న అన్నం ఆయన నేర్పిన పని పెట్టినదే. కానీ క్షమించానని రాస్తే అబద్ధం. మొన్న సంతాపసభలో మొదటి వరసలోంచి ఒకాయన, "పొగ గుంట కూడా వొచ్చినాదే!" అన్నాడు. అందరూ నవ్వారు. ఇప్పుడు నేనేం చెప్పినా పోయిన మనిషిమీద నింద వేసినట్టే అవుతుంది. బోర్డు చెడింది నా పొగవల్ల కాదని చెప్పాల్సిన నోరు ఒకటే ఉండేది, కాలిపోయింది. తీరని లోటంటే నాకు ఇదే.