లీటరంటే కిలో కాదు

మా బావగారంటే నాకు పడదు. మా ఆయనకి అన్న కాబట్టి పైకి గారూ గీరూ అంటాను గానీ, లోపల వీసమెత్తు గౌరవం లేదు. ఆయన పాల కేంద్రం నడుపుతాడు. ముప్ఫై ఏళ్లుగా పాలు కొలిచి కొలిచి, లోకంలో ఉన్నదంతా పాలే అనుకుంటాడు.

నరసరావుపేటలో ఇల్లు కట్టి గృహప్రవేశం పెట్టుకున్నాడు. రెండొందల మందికి భోజనాలు. మనిషికి వంద గ్రాముల చొప్పున ఇరవై కిలోల ఐస్‌క్రీమ్ తెప్పించమన్నాడు వంటమేస్త్రి. కొట్లోనేమో లీటర్ల డబ్బాలు. ఈయన క్షణం ఆలోచించకుండా ఇరవై లీటర్లు చెప్పి వచ్చాడు.

నేను బడిలో సైన్సు చెప్తాను. నోరు ఊరుకోలేదు. ఐస్‌క్రీమ్‌ని గాలితో పొంగిస్తారనీ, లీటరు డబ్బా తూస్తే అరకిలో మీద కాస్తే ఉంటుందనీ, ఇరవై కిలోలకి ముప్ఫై ఏడు లీటర్లన్నా కావాలనీ చెప్పాను. వరండా నిండా చుట్టాలు. ఆయన వాళ్ల వైపు తిరిగాడు.

"ముప్ఫై ఏళ్లు పాలు కొలిచినోణ్ణి. లీటరంటే కిలో, ఇంకా రవ్వంత మొగ్గే. నాకు లీటరు నేర్పుద్దంట ఈ టీచరమ్మ. గాలంట."

అందరూ నవ్వారు. మా ఆయన కూడా నవ్వాడు, ఆయన సంగతి ఇంటికెళ్లాక చూశాను.

మర్నాడు ఒక లీటరు డబ్బా కొనుక్కెళ్లి, ఆయన కళ్లెదురుగా వంటింటి కాటా మీద పెట్టాను. ఐదొందల యాభై గ్రాములు. కొట్టువాడు తక్కువ నింపాడన్నాడు. మూత తీసి చూపించాను, అంచుదాకా ఉంది. అయితే కాటా చెడిపోయిందన్నాడు. డబ్బా తీసుకుని వచ్చేశాను. ఊరందరి ముందూ నీ పరువు గంగలో కలవనీ, అప్పుడు తెలుస్తుంది లీటరంటే ఏందో అనుకున్నాను. కొట్టు నంబరు నా ఫోన్లోనే ఉంది. ఒక్కమాట చెబితే ఇంకో పదిహేడు డబ్బాలు వచ్చేవి. కావాలనే చెయ్యలేదు.

గృహప్రవేశం రోజు ఆయన మొదటి బంతిలో ఊరి నాయకుల పక్కన కూర్చున్నాడు. మారు వడ్డించుకుని మరీ తిని, వాళ్లని కార్లెక్కించడానికి వెళ్లిపోయాడు. రెండో బంతికి డబ్బాలు అడుగంటుతున్నాయని వడ్డించేవాళ్లు గరిటెలో సగమే వేశారు. నేను స్తంభం దగ్గర నిలబడి లోపల్లోపల సంబరపడుతున్నాను.

మూడో బంతి మా పుట్టింటివాళ్లది. మా అత్తారింట్లో ఏ వేడుకైనా మావాళ్లకి ఆఖరి బంతే. బెల్లంకొండ నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చిన మా అమ్మ, పెరుగన్నం ముగించి, ఆకు మీద చెయ్యి ఆనించి కూర్చుంది. ఐస్‌క్రీమ్ అయిపోయిందన్నారు. మా తోడికోడలు తేలిగ్గా అనేసింది, "మీవాళ్లేగా, సర్దుకుంటార్లే."

అమ్మ నా మొహం చూసింది. "చల్లటియ్యి నాకు పడవులేవే," అంది.

ఎండాకాలం నేను తీసుకెళ్తే, మూతకంటింది కూడా గీక్కుని తినే మనిషి మా అమ్మ. తోడికోడలి ముందు నా మొహం చిన్నబోకూడదని అబద్ధమాడింది. బావగారు ఇప్పటికీ లీటరంటే కిలో అనే నమ్ముతున్నాడు, ఆయన పరువుకి గీత కూడా పడలేదు. ఆయన మీద కోపం నాకు తగ్గదు, తగ్గించుకోను. కానీ ఎన్ని కిలోలు తక్కువ పడతాయో ముందే తెలిసినదాన్ని, అమ్మ ఏ బంతిలో కూర్చుంటుందో కూడా తెలిసినదాన్ని, ఆ ఫోను చెయ్యనిది నేనే.