తెల్లకణాలకు దిష్టి

మలేషియాలోని క్లాంగ్ ఫ్లాట్లలో ఎవరికి జ్వరమొచ్చినా పుష్పవల్లి పెద్దమ్మ వాలిపోతుంది. ఎప్పుడూ తమలపాకు నములుతుంది, చీరకొంగుతో ముక్కు తుడుచుకుంటుంది, ఆ కొంగుతోనే రోగి మొహమూ తుడుస్తుంది. ఆవిడంటేనే దేవకికి అసహ్యం. పదిహేనేళ్ల కూతురు సుమితకు జ్వరమైతే తగ్గింది గానీ, రోగాలను ఆపే తెల్లకణాలు బాగా పడిపోయాయి. అందుకే పెద్దమ్మ రాగానే దేవకి గుమ్మంలోనే అడ్డుపడింది. “డాక్టరమ్మ ఎవుర్నీ దగ్గరికి రానివ్వొద్దంది, పెద్దమ్మా. తెల్లకణాలు తగ్గిపోయినాయి.”

“తెల్లకణాలేటే? దిష్టి తగిలినాది లాహ్!”

పెద్దమ్మ దగ్గుతూనే లోపలికొచ్చి, ఉప్పూ మిరపకాయలూ మూడుసార్లు తిప్పి, సుమిత మొహం మీద “థూ, థూ, థూ” అంది. ఎర్రటి తుంపర పిల్ల పెదవి మీద పడింది.

దేవకి గబగబా దాన్ని తుడిచేసింది. తిట్టడానికి నోరు తెరిచింది.

“కాఫీ తాగుతావేటి, పెద్దమ్మా?”