డప్పుకు కప్పిన దుప్పటి

మ్యూనిక్‌లో పాడాలని ఒక్కదాన్నే వచ్చాను. చలికి డప్పు తోలు వదులైపోయింది. మంటకు కాచి బిగిద్దామంటే, కార్యక్రమం పెట్టిన అమ్మాయి "అక్కా, ఈడ మంట పెడితే ఫైర్ అలారం మోగుతది" అని హెయిర్ డ్రయ్యర్ తెచ్చిచ్చింది. వేడి తగలగానే తోలు వాసన లేచింది. మా నాయిన వాసన.

ఊళ్లో నాయిన డప్పు కొట్టేవాడు. నా చిన్నప్పుడు ఒక చలి పొద్దున దాన్ని వేలితో తట్టి, "సలికి దీని గొంతు పోయింది" అన్నాడు. పాపం జలుబు చేసిందనుకుని నా దుప్పటి దానికి కప్పి, పక్కనే ముడుచుకుని పడుకున్నాను. మెలకువొచ్చేసరికి దుప్పటి నా మీదుంది. వాకిట్లో డప్పు ఖంగుఖంగున మోగుతోంది.

"నీ దుప్పటితోనే గొంతొచ్చింది బిడ్డా. ఇగ నువ్వు పాడు," అన్నాడు నాయిన.

నలుగురిలో నోరు విప్పని పిల్లను. డప్పుకే గొంతు తెచ్చినదాన్ని, నాకేం భయమని పాడేశాను. ఆ పాటే ఇంత దూరం తీసుకొచ్చింది.

నాయిన ఇప్పుడు లేడు. వెచ్చని డప్పును చెంపకు ఆనించుకున్నాను. ఆ పొద్దున వాకిట్లోనూ ఇదే వాసన. నేను నిద్రపోతుంటే డప్పును మంట దగ్గర కాచి, గొంతు తెచ్చిన పేరు నా దుప్పటికిచ్చాడు.