సుశీల వదిన పెళ్లిపత్రిక

పదకొండేళ్లుగా నా బీరువాలో ఒక పెళ్లిపత్రిక ఉంది. తులం బరువు కూడా ఉండదు. మోయలేకపోతున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

పాత అచ్చుకాగితాలు పోగుచేయడం నా పిచ్చి. అగ్గిపెట్టె లేబుళ్లు, సినిమా కరపత్రాలు, పెళ్లిపత్రికలు. చదివింది పదో తరగతే అయినా, కాగితం ఎందుకు రంగు మారుతుందో, మడతల దగ్గర ఎందుకు విరుగుతుందో సికింద్రాబాద్‌లో లైబ్రరీ బల్లల మీదే నాకు నేను నేర్చుకున్నాను. ఆ గర్వం ఇప్పటికీ ఉందేమో.

పదకొండేళ్ల కిందట బొల్లారంలో మా పక్కింటి సుశీల వదిన భర్త హఠాత్తుగా పోయాడు. ఆయన ఆఫీసు రికార్డుల్లో భార్య పేరు లేదు. పెన్షన్ కావాలంటే పెళ్లైనట్టు రుజువు తెమ్మన్నారు. ఫొటోలు ఎప్పుడో వానకు తడిసి పాడయ్యాయి. ఆమె నా దగ్గరికొచ్చింది.

“తమ్మీ, మా పెండ్లిపత్రిక నీ దగ్గరుంటది గదా? చిత్తుకాయితాల సేటువు నువ్వు!” నవ్వబోయింది, నవ్వు రాలేదు. “జిరాక్స్ నడ్వదంట. అసల్దే ఫైల్ల కుట్టుకుంటరంట.”

కుట్టుకుంటారు. ఆ మాట దగ్గరే ఆగిపోయాను. ఆ పత్రిక మీద చెక్క దిమ్మతో రెండు రంగుల్లో అచ్చేసిన ఏనుగులు. దాన్ని అచ్చేసిన ప్రెస్ ఎప్పుడో మూతపడింది, అలాంటిది నాకు మరొకటి దొరకలేదు. దాన్ని దబ్బనంతో పొడుస్తారా?

“లేదొదినె. చెదలు వట్టింది,” అన్నాను.

“గంతే నా నసీబ్. జెర అర్జీ అన్న రాసియ్యి. నీ రాత ముత్యాల్లెక్కుంటది.”

రాశాను. ‘వివాహ ఆహ్వానపత్రిక ఎవరివద్దనూ లభ్యం కాలేదు’ అని, ఒక్క కొట్టివేత లేకుండా, నా చేత్తోనే. ఆమె సంతకం చేసి నాకు దండం పెట్టింది.

అర్జీ ఆఫీసుల్లో తిరుగుతూనే ఉండిపోయింది. వదిన అల్వాల్‌లో రెండిళ్లలో వంటకు కుదిరింది. ఎన్నిసార్లు బీరువా తెరిచాను? ఇస్తే అబద్ధం బయటపడుతుందని ఎన్నిసార్లు మూశాను? మొదట కాగితం కోసం, తర్వాత నా పరువు కోసం. రెండోదే ఎక్కువ కాలం నడిచింది. పోయిన చలికాలం ఆమె చనిపోయింది. పెన్షన్ రానేలేదు.

కాగితాన్ని కాపాడానని చెప్పుకోవచ్చా? ఎవరి కోసం? మూలల్లో పసుపు ఇంకా అలాగే ఉంది. వాళ్లిద్దరి పేర్లూ పక్కపక్కన అచ్చయిన కాగితం బహుశా అదొక్కటే.

క్షమించమని అడగడానికి మనిషి లేదు. ఆ రోజు గుమ్మంలో అనాల్సిన మాట మాత్రం ఇక్కడ అనేస్తే కాస్త ఊపిరాడుతుంది.

ఉన్నదొదినె. నా దగ్గర్నే ఉన్నది.